సీడీ కవర్ మీద మా మేనత్త

మా బ్యాండులో నలుగురం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. పగలు బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ఆ జీతంతో గిటారు తీగలు కొనుక్కుంటాను. మాది ఆల్టర్నేటివ్ బ్యాండ్ అని చెప్పుకుంటాం. పెళ్ళిళ్ళకి వాయించం, సినిమా పాటలు వాయించం, సొంత పాటలే పాడతాం అని ఇంట్లో వివరించి చెబితే, "మరి ఎవరు వింటారే?" అని మా అమ్మ అడిగింది.

అలాంటి మేము మొదటి ఆల్బమ్ సీడీగా తెద్దామనుకున్నాం. సీడీ ప్లేయరు మా నలుగురిలో ఎవరింట్లోనూ లేదు. పాటలన్నీ ఫోన్లో దొరికే రోజుల్లో సీడీ ఎవడికి కావాలి అని నేనంటే, కచేరీకి వచ్చినవాళ్ళు గుర్తుగా ఇంటికి పట్టుకెళ్ళడానికి ఏదో ఒక వస్తువు ఉండాలి అన్నాడు మా గిటారిస్టు. అంటే మేం అమ్మబోయేది అసలు కవర్. లోపలి సీడీ పీచుమిఠాయిలో పుల్లలాంటిది, పట్టుకోవడానికి ఉంటుందంతే.

ఈ గిటారిస్టు దగ్గర కవర్ల గురించి ఒక శాస్త్రమే ఉంది. ఇంట్లో కూర్చుని ఏదో విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఈ మనిషి, దేశదేశాల ఆల్టర్నేటివ్ బ్యాండ్ల కవర్లు ఫోన్లో దాచుకుని, పసిబిడ్డ ఫొటోలు చూపించినట్టు కనపడ్డవాళ్ళందరికీ చూపిస్తాడు. అతని శాస్త్రం ప్రకారం కవర్ మీద వాయించేవాళ్ళ మొహాలు ఉండకూడదు. బ్యాండ్ పేరు ముందువైపు ఉండకూడదు, తప్పనిసరైతే ఏ మూలో చీమ తలకాయంత. బొమ్మ దేని గురించో చూసేవాడికి అర్థం కాకూడదు. ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ, తడిసిన గోడ, ఎవరిదో వీపు, ఇలాంటివి శ్రేష్ఠం. చుట్టూ బోలెడంత ఖాళీ వదలాలి. కాగితం కిరాణా కొట్టు పొట్లంలా గరుగ్గా ఉండాలి. "అసలు రూలేంటంటే, ఎవరిలాగా ఉండకూడదు" అన్నాడు. అతను చూపించిన కవర్లలో సగానికి సగం కుర్చీలే. ఎవరిలాగా ఉండకూడదనుకున్న వాళ్ళంతా ఒకే కుర్చీ దగ్గర చేరినట్టున్నారే అన్నాను. ఆ తర్వాత రెండు రిహార్సళ్ళ దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను పెరిగింది మరో రకం కవర్ల మధ్య. కంకిపాడులో మా చర్చి నుంచి తరచూ పాటల క్యాసెట్టో, తర్వాత్తర్వాత సీడీయో, ఈమధ్య పెన్‌డ్రైవో వచ్చేది. కవర్ మీద వెనక మంచుకొండలు, వాటిలోంచి జలపాతం, జలపాతం మీద పావురం. కృష్ణా జిల్లాలో మంచుకొండ ఎక్కడా లేదు గానీ, దేవుడి పాటలకి వరిచేలు పనికిరావని ఎవరో ఎప్పుడో తేల్చేశారు. కొండల ముందు ఎండాకాలంలో కోటు తొడుక్కున్న పాస్టరుగారు, పక్కన పట్టుచీరలో పాస్టరమ్మగారు, ఇద్దరూ చేతులు కట్టుకుని, పెదాలు బిగించుకుని. కింద గుండ్రటి గళ్ళలో సహకరించిన పెద్దలు. ఎవరి సాయం ఎంతో గుండ్రం సైజును బట్టి ఊళ్ళో వాళ్ళు చెప్పేసేవారు. ఒకసారి మైకులు అద్దెకిచ్చినాయన ఫొటో కూడా వచ్చింది. పాడినవాళ్ళ సంగతి మాత్రం వెనకవైపు అట్టడుగు లైనులో ఉండేది. 'మరియు సంఘ గాయక బృందం' అని.

మా మేనత్త ఆ 'మరియు'లో ఉండేది.

నాన్నకి అక్క ఆవిడ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, చర్చి వీధిలో సొంతింట్లో ఒక్కతే ఉంటుంది. ఇంజక్షన్ చేసేటప్పుడు చెయ్యి లాక్కునేవాళ్ళ మీద ఎంత కోపమో, శ్రుతి తప్పేవాళ్ళ మీద అంత కోపం. చర్చి వాళ్ళ సీడీ కొత్తది ఇంటికి రాగానే కళ్ళజోడు పెట్టుకుని కవర్ ముందు, వెనక, లోపల తిప్పి తిప్పి చూసేది. ఆ తర్వాత "పాటలు బాగా వచ్చాయి" అని బీరువా మీద పెట్టేసేది. ఆ మాట అనేటప్పటికి ఒక్క పాటా విని ఉండేది కాదు. ఆవిడ ఆ కవర్ మీద దేని కోసం వెతికేదో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

మా ఆల్బమ్ పేరు 'లాకులు', అంటే కాలవ నీళ్ళని ఆపి వదిలే తలుపులు. అన్నీ కాలవల మీద పాటలు. చివరి పాట మాత్రం మాది కాదు, మా నాయనమ్మ నాట్లు వేస్తూ పాడుకున్నది. అది మొత్తంగా వచ్చింది అత్తయ్యకి ఒక్కదానికే. అడగ్గానే ఒప్పుకుంది. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర అద్దెకి దొరికే ఒక గదిలో రికార్డింగ్ పెట్టుకున్నాం. విమానం లేచినప్పుడల్లా గోడలు గుయ్యిమనేవి, మేం తలలు పట్టుకునేవాళ్ళం. అత్తయ్య మాత్రం విమానం మోత వినపడగానే టక్కున ఆగి, ఓ గుటక నీళ్ళు తాగి, అది వెళ్ళిపోయాక ఏ స్వరం దగ్గర ఆపిందో అక్కడే ఎత్తుకునేది. మా డ్రమ్మర్ నోరెళ్ళబెట్టుకుని చూశాడు.

పాట అయిపోయింది. అత్తయ్య పమిటతో మెడ తుడుచుకుని గిటారిస్టుని అడిగింది.

"బాబూ, ఫొటో ఎప్పుడు తీస్తారు?"

"ఏ ఫొటో ఆంటీ?"

"కవర్ మీదకి. పాడినవాళ్ళ ఫొటో ఉంటుందిగా."

అతను తన శాస్త్రం మొదలుపెట్టబోయాడు. నేను అతని కాలు తొక్కాను. బయటికొచ్చాక చెప్పాను, అత్తయ్య మొహం కవర్ మీద లేకపోతే బేస్ వాయించడానికి ఇంకో మనిషిని వెతుక్కోమని. అతను మొహం మాడ్చుకుని ఇంటికెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే మాత్రం ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "ఆలోచించాను. పెద్దావిడ మొహం, పోజు లేకుండా, ఒక్క అక్షరం లేకుండా, చుట్టూ తెల్లటి ఖాళీ. అదిరిపోద్ది."

అలా అతను ఒక మధ్యాహ్నం కెమెరా మెళ్ళో వేసుకుని కంకిపాడు వెళ్ళాడు. అత్తయ్య పెరటి వసారాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఒంటి మీద పాత నైటీ, భుజం మీద తువ్వాలు, తల దువ్వుకోలేదు, పిట్టగోడ మీద పిల్లిని చూస్తోంది. కెమెరా పనిచేస్తోందో లేదో చూసుకుంటున్నాడనుకుంది పాపం. అదే ఫొటో అయింది. ఆవిడ చీర మార్చుకొచ్చాక మర్యాదకి ఇంకోటి నొక్కాడు, కవర్ మీదకి వెళ్ళేది అదేననుకుంది ఆవిడ. దాన్ని తెలుపు నలుపు చేసి, గరుకు పెట్టి, తెల్లటి కాగితం మధ్యలో కూర్చోబెట్టి నాకు పంపించాడు. నిజం చెప్పాలంటే ఫొటో చాలా బాగుంది. కానీ అది అత్తయ్యకి నచ్చే రకం బాగుండడం కాదు. ముందు ఆవిడకి చూపిద్దామన్నాను. విడుదల రోజున ఒక్కసారే చూస్తే ఆ ఆనందమే వేరన్నాడు.

అత్తయ్య మాత్రం తన ఏర్పాట్లలో తనుంది. విడుదలకి ముందు వారం బెజవాడలో మా ఇంటికొచ్చి కొత్త జాకెట్టు కుట్టించుకుంది. ఫోను కంకిపాడులో ఛార్జింగ్‌కి పెట్టి మర్చిపోయి వచ్చింది. ఉంటున్నన్ని రోజులూ ఒకటే మాట. "మా చర్చి మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టించవే. కవర్ ఎట్టా ఉందో అట్టాగే ఉండాలి. పాస్టరమ్మగారు రోజూ ఆ దారినే కూరగాయలకి వెళ్తుంది."

ఆ మాట నేను గిటారిస్టుకి చెప్పాను. అతను కవర్ ఫొటోని ఒక ఫ్లెక్సీ షాపుకి పంపించాడు. ఆల్బమ్ పేరు లేదు, బ్యాండ్ పేరు లేదు, శాస్త్రం ఒప్పుకోదు కాబట్టి. అడుగున తేదీ, టైము, బెజవాడలో హాలు అడ్రసు. కట్టాల్సిన చోటు కంకిపాడు చర్చి మలుపు.

ఫ్లెక్సీలకీ మా వైపు ఒక శాస్త్రం ఉందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. పుట్టినరోజు పిల్లవాడికి బెలూన్లు, ఓణీల ఫంక్షన్‌కి సీతాకోకచిలుకలు, నాయకుడికి వెనకాల కళ్ళజోళ్ళ కుర్రాళ్ళ గుంపు. బతికున్నవాళ్ళ ఫ్లెక్సీలో సూది మోపేంత ఖాళీ ఉండదు. తెలుపు నలుపులో ఒక్క పెద్దావిడ, చుట్టూ ఖాళీ, చూపు ఎటో దూరంగా, కింద తేదీ, టైము, స్థలం. దీనికి కృష్ణా జిల్లాలో ఒక్కటే అర్థం. షాపులో డిజైన్లు చేసే ఆయనకి ఆ ఫొటో చూడగానే మనసు కలుక్కుమందట. బాధలో ఉన్నవాళ్ళు కదా, మాటలు రాయడం మర్చిపోయుంటారని అనుకున్నాడట. నుదుట బొట్టు లేదు, కట్టేది చర్చి మలుపులో. ఇక ఆలోచించాల్సిందేముంది. తనే శ్రద్ధగా రెండు కొవ్వొత్తులు, ఒక సిలువ, చుట్టూ తెల్లగులాబీల అంచు, పైన నాలుగు మాటలు చేర్చాడు. ఒకసారి చూసి చెప్పమని గిటారిస్టుకి వాట్సాప్‌లో పంపించాడు కూడా. ఆఫీసు మీటింగులో ఉన్న మా వాడు బొమ్మ తెరవకుండానే సరేనన్నట్టు బొటనవేలి గుర్తు పెట్టాడు. తక్కిన ఫ్లెక్సీల సంగతి ఎలా ఉన్నా, ఇలాంటివి మాత్రం ఆ షాపువాళ్ళు ఆలస్యం చెయ్యరు. తెల్లారేసరికి కట్టేశారు.

ఆ శుక్రవారం పొద్దున అత్తయ్యా నేనూ బస్సులో కంకిపాడు వెళ్ళాం. ఆదివారం విడుదల, పట్టుచీర ఆవిడ ఇంట్లో ఉంది. బస్సు దిగినప్పటి నుంచీ ఆవిడ నడక వేగంగా ఉంది. ఫ్లెక్సీ కట్టారని గిటారిస్టు మెసేజ్ పెట్టినట్టు బస్సులోనే ఆవిడకి చెప్పాను మరి. మలుపు తిరిగి ఆగిపోయింది. నేనూ ఆగాను.

ఆసుపత్రిలో చీటీ చదివినట్టు, మెల్లగా, పైకే చదివింది. "ప్రభువునందు నిద్రించిన మా ప్రియమైన అమ్మగారి జ్ఞాపకార్థ కూడిక."

"అత్తయ్యా, ఏదో పొరపాటు జరిగింది, ఇప్పుడే తీయించేస్తాను."

ఆవిడ నా మాట వినిపించుకోలేదు. తన మొహాన్ని అలా చూస్తూ నిలబడింది.

"నైటీలోనా?"

"అది కాదత్తయ్యా..."

"పోతే పోయాను. నైటీలోనా? తువ్వాలు కూడా తియ్యలేదు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. ఫొటో కోసం జీవితమంతా ఎదురుచూసిన మనిషికి దక్కిన ఫొటో ఇది. నాకు మా గిటారిస్టుని పిలిచి ఆ కొవ్వొత్తుల మధ్య నిలబెట్టాలన్నంత కోపం వచ్చింది.

ఇంటి దగ్గర పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. తాళం వేసిన గేటు ముందు షామియానా వేసేశారు. ప్లాస్టిక్ కుర్చీల్లో వీధి వీధంతా కూర్చునుంది. ఎవరో టీ ఫ్లాస్కు తెచ్చారు. ఆవిడ బెజవాడ వెళ్ళిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి, అక్కడ ఏదో ఆసుపత్రిలో పోయి ఉంటుందని అనుకున్నారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా తీస్తారేమోనని ఆవిడ ఫోనుకే చేస్తున్నారు, అది తాళం వేసిన ఇంట్లో మోగుతోంది, మోగినప్పుడల్లా బయట కూర్చున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. మేం వీధి వెనకవైపు నుంచి వచ్చాం. అందరి మొహాలూ గేటు వైపు ఉండడంతో ఎవరూ చూడలేదు.

పాస్టరమ్మగారు ముందు వరసలో కూర్చుని, నిజంగానే కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది. పక్కావిడతో అంటోంది. "మేమంతా ఆవిడ గొంతు పట్టుకుని పాడేవాళ్ళమండీ. ఆవిడ లేకపోతే మా సీడీలు ఒక్కటన్నా బయటికి వచ్చేవా? ఒక్కసారన్నా ఫొటో వేద్దామని ఎన్నిసార్లు అనుకున్నామో."

"అనుకున్నారా?" అంది అత్తయ్య వెనక నుంచి.

ఒక కుర్చీ తిరగబడింది. టీ పోస్తున్నాయన గ్లాసు నిండిపోయినా పోస్తూనే ఉన్నాడు. పాస్టరమ్మగారు లేచి అత్తయ్యని తడిమి చూసి, వాటేసుకుని, ఇంకా గట్టిగా ఏడ్చి, తర్వాత కోప్పడింది. "ముందే ఒక మాట చెప్పొద్దా అండీ?"

"బతికే ఉన్నానని ముందే చెప్పాలాండీ?" అంది అత్తయ్య.

కుర్చీలు వచ్చేశాయి, టీ కాచేశారు, జనం చేరారు. లేచి వెళ్ళిపోవడం ఎవరికీ మర్యాదగా తోచలేదు. అందుకని అదే షామియానా కింద, అవే కుర్చీల్లో, కృతజ్ఞతా ప్రార్థన జరిపేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అత్తయ్య మూసుకోలేదు. గేటు తాళం వైపు చూస్తూ కూర్చుంది.

జనం వెళ్ళాక నన్ను అడిగింది. "వేద్దామనుకున్నారంట, విన్నావా?"

"విన్నాను."

"మరి ఎందుకు వెయ్యలేదంటావు?"

నేను ఆవిడ చేతిలోంచి తాళంచెవి తీసుకుని గేటు తెరిచాను.

సాయంత్రం మా గిటారిస్టు రోగిని చూడ్డానికి వచ్చినట్టు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. సారీ చెప్పాడు, బాగానే చెప్పాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. "కానీ ఆంటీ, ఒకటి ఆలోచించండి. ఒక్క మాట రాయకుండా మన కవర్ ఊరంతటినీ కదిలించేసింది" అన్నాడు. నేను విసరడానికి బత్తాయి అందుకున్నాను. మర్నాడు ప్రెస్సుకి కవర్ పంపాలి. ఇంత గొడవయ్యాక అసలు మొహమే వద్దని, కుర్చీ పెట్టేద్దామని అతని ఆలోచన.

"మా ఫొటోలు కూడా వేసుకోవట్లేదాంటీ. మొహాలు ముఖ్యం కాదు, పాట ముఖ్యం."

అత్తయ్య బత్తాయి ఒలుస్తూ అడిగింది. "బాబూ, నీ ఫోన్లో నీ ఫొటోలెన్నుంటాయి?"

"చాలా ఉంటాయాంటీ."

"బోర్లాపడ్డప్పుడు తీశారా? అన్నప్రాశనకి? బళ్ళో వేసినప్పుడు?"

"తీశారు."

"నిన్ను తీసి తీసి నీకు విసుగొచ్చింది నాయనా. అందుకని మొహాలొద్దంటున్నావు. నాకింకా మొదలే కాలేదు."

ఒలిచిన బత్తాయి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తినలేదు, కింద పెట్టలేదు. "పొద్దున ఏ స్టూడియోకి వెళ్దామాంటీ?" అన్నాడు. బ్యాండులో చేరాక అతని మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది అప్పుడే.

శనివారం పొద్దున్నే బజారులో ఫొటో స్టూడియో తెరిపించాం. అత్తయ్య పట్టుచీర, కొత్త జాకెట్టు, మొహానికి పౌడరు. నీలం తెర ముందు స్టూలు మీద కూర్చుంది. స్టూడియో ఆయన లైట్లు సర్ది, "నోరు మూసుకుని కొంచెం నవ్వండమ్మా" అన్నాడు.

"పాడుతూ దిగుతానండీ."

"నోరు తెరిస్తే ఫొటో బాగోదమ్మా."

"మూసుకుంటే పాడింది నేనని ఎట్టా తెలుస్తుందండీ?" అంది ఆవిడ, చాలా మర్యాదగా. ఆయన జవాబు కోసం ఆగకుండా నాయనమ్మ పాట ఎత్తుకుంది. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. ఫొటోలు చాలని ఆయన చెయ్యి ఎత్తినా పాట మధ్యలో ఆపలేదు, చివరిదాకా పాడి, నీళ్ళడిగింది.

వచ్చిన ఫొటో ఏ శాస్త్రానికీ లొంగేది కాదు. కళ్ళు మూసుకుపోయి, నోరు బార్లా తెరుచుకుని, పైవరసలో ఊడిన పన్ను చోటు కనిపిస్తూ, మెడ నరాలు పొంగి ఉంది ఆవిడ. స్టూడియో ఆయన కంప్యూటర్లో పన్ను పెడతానన్నాడు. మా గిటారిస్టు నోరు తెరవబోయి అత్తయ్య చూపు చూసి మూసుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తెర మీద తనని తాను చాలాసేపు చూసుకుంది. "పన్ను సంగతి వదిలెయ్యండి. చీర రంగు మాత్రం మారనివ్వకండి" అంది.

అదే కవర్ అయింది. అంచు నుంచి అంచు దాకా అత్తయ్యే, ఖాళీ లేదు. కింద పెద్ద అక్షరాల్లో ఆవిడ పేరు. మా నలుగురి పేర్లూ వెనక్కి వెళ్ళాయి. శుభలేఖలు వేసే ప్రెస్సాయన ఆదివారం మధ్యాహ్నానికల్లా చేతిలో పెట్టాడు. చర్చి మలుపులోకి కొత్త ఫ్లెక్సీ కూడా వెళ్ళింది. ఈసారి షాపాయన ఏమీ చేర్చలేదు గానీ, ప్రింటు కొట్టే ముందు నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఆవిడ ఉన్నారు కదండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

సాయంత్రం హాల్లో మా అభిమానులకంటే చర్చి వాళ్ళే ఎక్కువ ఉన్నారు. కచేరీ అయ్యాక గుమ్మం దగ్గర బల్ల వేసి సీడీలు పెట్టాం. అత్తయ్య బల్ల వెనక కుర్చీలో కూర్చుంది. ఒక కాలేజీ అమ్మాయి సీడీ చేతిలోకి తీసుకుని కవర్ చూసింది, అత్తయ్యని చూసింది, మళ్ళీ కవర్ చూసింది.

"ఇది మీరేనా ఆంటీ?"

అత్తయ్య కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఎవరైనా ఆ మాట అడుగుతారని అనుకోలేదు కాబోలు. "నేనేనమ్మా" అంది.

ఆ పిల్ల పెన్ను తీసి సంతకం చెయ్యమంది. అత్తయ్య పెన్ను పట్టుకుని కవర్ మీద చోటు వెతికింది. "ఫొటో మీదే పెట్టేయండాంటీ" అంది ఆ పిల్ల.

"ఫొటో మీదొద్దమ్మా" అంటూ అత్తయ్య సీడీని వెనక్కి తిప్పి, మా నలుగురి పేర్ల మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరికి, బారుగా తన పేరు రాసింది.